పత్తి తేమ లెక్కతో పైథాన్: మా బడి కంప్యూటర్ గదిలో నా అనుభవం

వరంగల్ జిల్లాలో పత్తి, మిర్చి ఎక్కువగా పండే మండలంలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్‌లో నేను లెక్కల టీచర్‌ని. మా బడికి కంప్యూటర్ టీచర్ పోస్టు లేదు. ఉమ్మడి రాష్ట్రం ఉన్నప్పుడు ఐసీటీ పథకం కింద కంప్యూటర్లు వచ్చాయి, నేర్పడానికి కాంట్రాక్టు మీద బోధకులూ వచ్చారు. ఐదేళ్ల కాంట్రాక్టు అయిపోయాక వాళ్లు వెళ్లిపోయారు. కంప్యూటర్లు మిగిలాయి, గదికి తాళం పడింది. నేను బదిలీ మీద ఇక్కడికి వచ్చేసరికి ఆ గదిలో పాత జవాబు పత్రాల కట్టలు, కాళ్లు విరిగిన బెంచీలు, అట్టపెట్టెలు నిండి ఉన్నాయి. వాటి వెనక ఎక్కడో కంప్యూటర్లు.

ఆ తాళం అడిగి తీసుకోవడానికి కారణం మా బడిలో పది పాసైన ఒక అమ్మాయి. పాలీసెట్ రాసి డిప్లొమాలో చేరింది. దసరా సెలవులకు ఊరికొచ్చినప్పుడు నన్ను కలిసి, "మేడం, ల్యాబుల అందరు మస్తు స్పీడుగ కొడతాండ్లు. నాకైతె ఆన్ జేసుడే తెల్వది. పక్క పిల్లను అడుగుదామంటె సిగ్గయింది" అంది. లెక్కల్లో ఆ ఏడాది మా బడికి ఫస్ట్ వచ్చిన పిల్ల. సమితులు, త్రికోణమితి నా దగ్గరే నేర్చుకుంది. పట్నం బడుల్లో మూడో తరగతి నుంచే కీబోర్డు ముట్టుకునే పిల్లల పక్కన మా పిల్ల చేతులు ముడుచుకుని కూర్చుందంటే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడే హెచ్‌ఎం సార్‌ని తాళం అడిగాను. ఆయన ఒక్క మాట కూడా అడ్డు చెప్పలేదు. "బిల్లులు పెట్టకుండా చెయ్యగలిగితే చెయ్యమ్మా" అన్నారు.

ముందు ఏవి పనిచేస్తాయో చూడాలి. భౌతికశాస్త్రం చెప్పే సార్, నేను, పెద్ద తరగతుల పిల్లలు కొందరు కలిసి గది ఊడ్చి, ఒక్కొక్కటే ఆన్ చేశాం. కొన్ని అసలు లేవలేదు. వాటిలోంచి ర్యామ్, కీబోర్డులు, పవర్ కేబుళ్లు తీసి లేచినవాటికి పెట్టాం. లేచినవాటిలో ఒక చిక్కు వచ్చింది. ఫోన్ హాట్‌స్పాట్‌తో నెట్ ఇస్తే సిగ్నల్ వస్తోంది గానీ, ఏ సైట్ తెరిచినా ఇది సురక్షితం కాదని బ్రౌజర్ ఆపేస్తోంది. భౌతికశాస్త్రం సార్ కింద మూలన తేదీ చూపించారు. అది ఎన్నో ఏళ్ల కిందటి తేదీ. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత గుండ్రటి సెల్ ఒకటి ఉంటుంది, సీఆర్ 2032 అంటారు, మూడు వోల్టులది. కరెంటు తీసేసినా కంప్యూటర్ లోపలి గడియారం దానితోనే నడుస్తుంది. అది అయిపోతే ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంది. సైట్ల భద్రతా సర్టిఫికెట్లకు మొదలు తేదీ, గడువు తేదీ ఉంటాయి కాబట్టి, ఇక్కడ తేదీ తప్పుగా ఉంటే బ్రౌజర్ వాటిని నమ్మదు. హన్మకొండలో ఏ కంప్యూటర్ షాపులో అడిగినా ఇచ్చే చిన్న సెల్ అది. పిల్లలే మార్చారు. ఇంత చిన్న విషయానికి ఇన్నేళ్లు యంత్రాలు పాడయ్యాయని మూలన పడి ఉన్నాయి. పాత కంప్యూటర్లు ఉన్న ఏ బడి అయినా ముందు ఆ సెల్ చూడమని చెబుతాను.

పూర్వ విద్యార్థులు చందా వేసుకుని పాత హార్డ్ డిస్కుల బదులు ఎస్ఎస్‌డీలు కొనిచ్చారు. దానితోనే సగం ప్రాణం వచ్చింది. విండోస్ కొనే స్తోమత లేదు, దొంగ కాపీ పిల్లల ముందు వెయ్యడం నాకు ఇష్టం లేదు. తేలికగా నడిచే లుబుంటు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేశాం. దానిలో ఆఫీసు పనులకు లిబ్రె ఆఫీస్, ప్రోగ్రామ్‌లు రాయడానికి పైథాన్ భాష కూడా ఉచితం. కిటికీలకు జాలీ కొట్టించాం, ఎందుకంటే మా దగ్గర కోతుల బెడద బాగా ఎక్కువ. తెరిచిన కిటికీలోంచి చెయ్యి పెట్టి కేబుల్ లాగేస్తాయి.

నాకు కూడా పైథాన్ కొత్తే. వేసవి సెలవుల్లో రోజూ కొంచెం కొంచెం నేర్చుకున్నాను. లెక్కలు చెప్పేవాళ్లకు అది కష్టమేమీ కాదు.

కంప్యూటర్లు బాగయ్యేలోపు పిల్లలను ఊరికే కూర్చోబెట్టడం ఎందుకని వరండాలో పాఠం మొదలుపెట్టాను. న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయం వాళ్లు సీఎస్ అన్‌ప్లగ్డ్ పేరుతో కంప్యూటర్ లేకుండా కంప్యూటర్ శాస్త్రం నేర్పే ఆటలు తయారు చేశారు. అందులో నాకు బాగా నచ్చింది ద్విసంఖ్యామానం ఆట, అంటే ఒకటి, సున్నాలతోనే సంఖ్యలు చూపించడం. ఐదుగురు పిల్లల చేతికి అట్టముక్కలు ఇచ్చాను. వాటి మీద 16, 8, 4, 2, 1 అని రాసి ఉంది. అట్ట ముందుకు తిప్పితే ఒకటి, వెనక్కి తిప్పితే సున్నా. 19 కావాలంటే 16, 2, 1 పట్టుకున్నవాళ్లు ముందుకు తిప్పాలి. ఏడో తరగతి పిల్లలు పుట్టిన తేదీలు ఇలా చూపించుకుంటూ అరగంట ఆడారు. ఐదు అట్టలతో 31 దాకానే పోగలం, 32 ఎట్లా అని ఒకడు అడిగాడు. ఇంకో అట్ట తెమ్మన్నాను. దాని మీద ఎంత రాయాలో వాళ్లే చెప్పాలి. కాసేపు గొడవ పడి, "ఉన్నయన్ని కూడితె 31 మేడం. దానికి ఒకటి కలపాలె" అని తేల్చారు. తర్వాతి అట్ట ఎప్పుడూ ముందున్న అట్టలన్నిటి మొత్తం కంటే ఒకటి ఎక్కువ అన్నది నేను చెప్పలేదు. వాళ్ల నోటి నుంచే వచ్చింది.

ఎత్తు వరుసలో నిలబడే ఆట కూడా అలాంటిదే. ఎనిమిది మంది అడ్డదిడ్డంగా నిలబడతారు. పక్క పక్కన ఉన్న ఇద్దరిని మాత్రమే పోల్చాలి, అవసరమైతే చోటు మార్చాలి. మొదటి చుట్టులో ఏడు పోలికలు, తర్వాత ఆరు, అలా చివరికి మొత్తం 28. ఇది శ్రేఢుల పాఠంలో మొదటి ఏడు సహజ సంఖ్యల మొత్తమేనని పదో తరగతి పిల్లలు పట్టుకున్నారు. ఒక తొమ్మిదో తరగతి పిల్ల, "మన ఊళ్లె అందరిని గిట్ల నిలబెట్టాల్నంటె ఎన్ని రోజులు పడతది మేడం?" అని అడిగింది. ఆ ప్రశ్నకు బీటెక్‌లో ఒక సబ్జెక్టే ఉందని చెప్పాను.

గది సిద్ధమయ్యాక అసలు కష్టం తెలిసింది. యంత్రాలు తక్కువ, పిల్లలు ఎక్కువ. ఒక్కో దాని ముందు ముగ్గురు కూర్చుంటే మౌస్ ఎప్పుడూ ఒక్కరి చేతిలోనే ఉంటుంది. ఆ ఒక్కరు దాదాపు ఎప్పుడూ ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉన్న పిల్లవాడే. అమ్మాయిలు వెనక నిలబడి చూస్తారు, పీరియడ్ అయిపోతుంది, వాళ్లు కూడా కంప్యూటర్ క్లాసుకు వెళ్లినట్టే రిజిస్టర్‌లో ఉంటుంది. ఇది నాకు అసలు సహించలేదు. కంప్యూటర్ గది ఉన్నా లేకున్నా, కీబోర్డు మీద వేళ్లు పడని పిల్లకు వచ్చేది ఏమీ లేదు. డిప్లొమా చేరిన మా అమ్మాయికి కావాల్సింది మరో పాఠం కాదు, చేతికి కీబోర్డు.

అందుకని క్లాసును రెండుగా విడగొట్టాను. సగం మంది గదిలో, సగం మంది భౌతికశాస్త్రం సార్ దగ్గర కాగితం మీద లెక్క రాసుకుంటూ. వారానికి వారం మారుతారు. యంత్రానికి ఇద్దరే. ఒకరు టైప్ చేయాలి, పక్కవాళ్లు నోటితో చెప్పాలి. చెప్పేవాళ్లు కీబోర్డు ముట్టుకోవద్దు. పది నిమిషాలకు ఒకసారి బెల్లు కొడతాను, సీట్లు మారాలి. మొదట్లో వేగంగా కొట్టే పిల్లలకు ఇది కోపం తెప్పించింది. పక్కపిల్ల ఒక్కో అక్షరం వెతుకుతుంటే ఆగలేక చెయ్యి చాపేవాళ్లు. "చెయ్యి వెనక్కి పెట్టు బిడ్డా, నోటితో చెప్పు" అని ప్రతి క్లాసులో అనేదాన్ని. కానీ నోటితో చెప్పాలంటే తాము చేసేది ఏమిటో స్పష్టంగా తెలిసి ఉండాలి. ఎప్పుడూ ముందుండే పిల్లలకు కూడా తమకు తెలిసింది ఎంతో అక్కడ బయటపడింది. సంక్రాంతి నాటికి బెల్లు కొట్టకపోయినా వాళ్లే సీట్లు మార్చుకుంటున్నారు.

ఆరు, ఏడు తరగతులకు స్క్రాచ్ మొదలుపెట్టాం. 2007లో ఎంఐటీ మీడియా ల్యాబ్ విడుదల చేసిన బ్లాకుల ప్రోగ్రామింగ్ అది. నెట్ లేకున్నా స్క్రాచ్ ప్రాజెక్టులు నడిపే టర్బోవార్ప్ వేసుకున్నాం. దాని తెర మధ్యలో సున్నా, కుడికి 240, ఎడమకు మైనస్ 240, పైకి 180, కిందికి మైనస్ 180. పిల్లి బొమ్మను ఎడమ చివర నిలబెట్టమంటే మైనస్ ఎందుకు కావాలో ఏడో తరగతి పిల్లలకు నేను బోర్డు మీద చెప్పాల్సిన అవసరం రాలేదు. పూర్ణసంఖ్యల పాఠం ఆ ఏడు సులువుగా నడిచింది.

ఎనిమిది, తొమ్మిది తరగతులకు పైథాన్. అందులో టర్టిల్ అనే భాగం ఉంది. తెర మీద చిన్న బాణం, ఇంత దూరం పో, ఇన్ని డిగ్రీలు తిరుగు అంటే గీత గీస్తూ పోతుంది. 1967లో సేమర్ పాపర్ట్, సింథియా సాలమన్, వాలీ ఫర్‌జైగ్ తయారు చేసిన లోగో భాష నుంచి వచ్చిన ఆలోచన ఇది. మేం చతురస్రంతో మొదలుపెట్టాం. 90 డిగ్రీలు, నాలుగు సార్లు. అందరికీ వచ్చేసింది. తర్వాత సమబాహు త్రిభుజం గీయమన్నాను. క్లాసు మొత్తం 60 అని కొట్టింది. పుస్తకంలో త్రిభుజం కోణం 60 అని ఉంది కదా. రన్ చేస్తే త్రిభుజం మూసుకోలేదు, షడ్భుజిలో సగం వచ్చి ఆగింది. "మేడం, కంప్యూటర్ ఖరాబైంది" అన్నారు.

నేను జవాబు చెప్పలేదు. గది బయట మట్టి మీద సుద్దపొడితో త్రిభుజం గీసి, ఒక పిల్లను దాని గీత మీద నడవమన్నాను. మూల దగ్గరికి వచ్చాక ఎటు చూస్తున్నావు, ఎటు తిరగాలి, ఎంత తిరిగావు? రెండోసారి మూల దగ్గర ఆ పిల్ల ఆగి, "నేను లోపలి కోణం తిరుగుతలేను మేడం, బయటిది తిరుగుతాన" అంది. 180 లోంచి 60 తీస్తే 120. లోపలికి పరుగెత్తారు. త్రిభుజం మూసుకుంది. బహుభుజి బాహ్యకోణాల మొత్తం 360 అన్న సూత్రాన్ని నేను ఏళ్ల తరబడి బోర్డు మీద రాసి కంఠస్థం చేయించాను. ఆ రోజు వాళ్లు దాన్ని కాళ్లతో తిరిగి తెలుసుకున్నారు.

దసరా సెలవుల ముందు బతుకమ్మ గీద్దామన్నది పిల్లల కోరికే. పై నుంచి చూస్తే బతుకమ్మ వరుస వరుసలుగా గుండ్రంగా ఉంటుంది. అడుగు వరుస వెడల్పు, పైకి పోయేకొద్దీ చిన్నది, నడిమిట్ల గౌరమ్మ. ప్రోగ్రామ్‌లో చెప్పాలంటే వరుసలకు ఒక లూపు (అదే పనిని మళ్లీ మళ్లీ చేయించే ఆదేశం), ఒక్కో వరుసలో పూలకు దాని లోపల మరో లూపు. లూపులో లూపు అనే విషయం చాలామందికి ఇంజనీరింగ్‌లో కూడా తికమకగా ఉంటుందని విన్నాను. మా అమ్మాయిలకు బతుకమ్మ పేర్చడం చేతిపని, అందుకని ఏ లూపు లోపల ఏది ఉండాలో వాళ్లకు ముందే తెలుసు. తంగేడుకు పసుపు రంగు, గునుగుకు తెలుపు, గులాబీ. ఒక జంట వరుసకు ఏడు పూలు పెట్టింది. 360ని 7తో భాగిస్తే 51 చిల్లర. వాళ్లు 51 అని రాశారు. చివరి పువ్వుకు, మొదటి పువ్వుకు మధ్య సందు వచ్చింది. ఏడు యాభై ఒకట్లు 357, మూడు డిగ్రీలు తక్కువ. "సందు ఉంటె బతుకమ్మ కూలిపోతది" అని పక్క జంట అంది. అప్పుడు అంకె తీసేసి, భాగహారాన్నే ప్రోగ్రామ్‌లో రాశారు. యంత్రాన్నే లెక్క చేయనివ్వడం అక్కడి నుంచి అలవాటైంది.

ఇంగ్లిష్ గురించి ఒక మాట. 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చినా, ఎర్ర అక్షరాల్లో ఎర్రర్ వస్తే పిల్లలు చదవరు, భయపడి నా వైపు చూస్తారు. గోడ మీద చార్టు పెట్టాను. సింటాక్స్ ఎర్రర్ అంటే రాయడంలో తప్పు, నేమ్ ఎర్రర్ అంటే ఆ పేరుతో ఇంతకుముందు ఏదీ పెట్టలేదు, ఇండెంటేషన్ ఎర్రర్ అంటే వరుస జరపడంలో తేడా. ఎర్రర్ వస్తే ముందు చివరి వరుస చదవాలి, తర్వాత ఎన్నో లైనో చూడాలి, ఆ తర్వాతే నన్ను పిలవాలి. ఇంకో సంగతి చాలామంది టీచర్లకు తెలియదు. పైథాన్ 3లో మనం పెట్టుకునే పేర్లు తెలుగులో ఉండొచ్చు. తేమ, ధర, తూకం అని తెలుగు అక్షరాల్లోనే రాస్తే నడుస్తుంది. ఇఫ్ (అయితే), ఎల్స్ (లేకపోతే) లాంటివి మాత్రం ఇంగ్లిష్‌లోనే కొట్టాలి. ఈ ఒక్క వెసులుబాటుతో వెనక బెంచీ పిల్లలు కూడా ప్రోగ్రామ్ చదివి చెప్పడం మొదలుపెట్టారు.

ఇక పత్తి. మా పిల్లల్లో ఎక్కువమంది ఇళ్లలో పత్తి వేస్తారు. 2024-25లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాల్‌కు 7,521 రూపాయలు. కొనుగోలు కేంద్రంలో తేమ 8 శాతం లోపు ఉంటే పూర్తి ధర. అది దాటితే ఒక్కో శాతానికి ధరలో ఒక శాతం కోత. 12 దాటితే కొనరు. ఈ నియమం పిల్లలకు నాకంటే బాగా తెలుసు. పత్తి తీసుకుపోయిన రోజు సాయంత్రం ఇంట్లో జరిగే మాటలన్నీ దాని చుట్టూనే. ఇఫ్, ఎల్స్ చెప్పడానికి పాఠ్యపుస్తకంలో పాస్, ఫెయిల్ మార్కుల ఉదాహరణ ఉంటుంది. నేను దాన్ని పక్కన పెట్టి, "మీ పత్తికి ఎంత వస్తదో చెప్పే ప్రోగ్రామ్ రాయండి" అన్నాను.

చాలామంది ఒకే పద్ధతిలో రాశారు. తేమ 12 లేదా అంతకంటే తక్కువైతే, తేమలోంచి 8 తీసి, అన్ని శాతాలు ధరలో కొయ్యి. లేకపోతే కొనం అని చెప్పు. 10 ఇచ్చి చూశారు, 7,370 రూపాయల 58 పైసలు వచ్చింది. 12 ఇచ్చారు, 7,220 రూపాయల 16 పైసలు. కాగితం మీద చేసిన లెక్కతో సరిపోయింది. అయిపోయిందన్నారు. 6 ఇచ్చి చూడమన్నాను. 7,671 రూపాయల 42 పైసలు వచ్చింది. గదిలో నవ్వులు. "గంత రేటు ఎవడిస్తడు మేడం? ఇస్తె మా బాపు రోజు ఎండబెడతడు" అని ఒకడన్నాడు. 6 లోంచి 8 తీస్తే మైనస్ 2. మైనస్ కోత అంటే కలపడం. ప్రోగ్రామ్ చెప్పినట్టే చేసింది. వాళ్లు చెప్పడంలో ఒక మెట్టు మిగిలింది.

ఆ మెట్టు ఎక్కడ పెట్టాలన్న దాని మీద ఆ పీరియడ్ అంతా గడిచింది. 8 లోపు అన్న షరతును 12 షరతు కింద రాసినవాళ్లకు ఏమీ మారలేదు. ఎందుకంటే 6 అనేది 12 లోపే కదా, మొదటి షరతులోనే దొరికిపోయింది, కింద రాసిన దాని దాకా రానే రాలేదు. షరతుల వరుస మార్చాక గానీ సరికాలేదు. ఆ తర్వాత సరిగ్గా 8 ఇస్తే? సరిగ్గా 12 ఇస్తే? 12.1 ఇస్తే? హద్దుల దగ్గర పరీక్షించి చూడటం ప్రోగ్రామ్ రాసేవాళ్లకు ముఖ్యమైన అలవాటు అని ఏ పుస్తకమైనా చెబుతుంది. మా పిల్లలు ఆ అలవాటును కొనుగోలు కేంద్రం గేటు దగ్గరి నుంచి తెచ్చుకున్నారు. 12 మీద వెనక్కి పంపిన బండ్లు వాళ్లు చూశారు.

ఒక అమ్మాయి ఇంటికి వెళ్లి వాళ్ల బాపు తూకం చీటీ తెచ్చింది. 12 క్వింటాళ్ల 40 కిలోలు. ఆ తూకానికి తేమ 12 ఉంటే ఎంత, 8 ఉంటే ఎంత అని రెండుసార్లు నడిపింది. తేడా 3,730 రూపాయలు దాటింది. తెర వైపు చూస్తూ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "రెండు రోజులు ఎండబెడితె నా సైకిల్ వస్తుండె" అంది. ఆ పిల్ల అప్పటిదాకా నా క్లాసులో నోరు తెరవలేదు. అప్పటి నుంచి ప్రతి కొత్త లెక్కకూ ముందు వరుసలో ఉంటోంది.

2025-26లో మద్దతు ధర 8,110 అయింది. పాత ప్రోగ్రామ్ తెరవమన్నాను. 7,521ని మూడు చోట్ల విడివిడిగా రాసినవాళ్లు మూడు చోట్ల మార్చాల్సి వచ్చింది. ఒకరు రెండు చోట్ల మార్చి మూడోది వదిలేస్తే లెక్క అడ్డంగా వచ్చింది. పైన ఒక్కసారి మద్దతుధర అని పేరు పెట్టుకున్నవాళ్లు ఒక్క అంకె మార్చి చేతులు దులుపుకున్నారు. వేరియబుల్, అంటే విలువకు ఇలా పెట్టుకునే పేరు, ఎందుకు అనే పాఠాన్ని నేను ఇంతకంటే బాగా చెప్పలేను. అదే సీజన్‌లో పత్తి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో పేరు నమోదు చేసుకుని స్లాట్ బుక్ చేసుకోవాల్సి వచ్చింది. చాలా ఇళ్లలో ఆ పని చేసింది మా పిల్లలే. సాయంత్రాలు పక్కింటి వాళ్లు కూడా ఫోన్లు పట్టుకుని వాళ్ల గడప దగ్గరికి వచ్చారట.

ఫోన్ చేతికి వచ్చిందంటే దానితో మోసమూ వస్తుంది. తల్లిదండ్రుల సమావేశం రోజు తొమ్మిదో తరగతి అమ్మాయిలు తల్లులకు ఒక పాఠం చెప్పారు. యూపీఐలో డబ్బులు మన ఖాతాలోకి రావడానికి పిన్ అవసరం లేదు. పిన్ కొట్టమన్నారంటే మన డబ్బు పోతోందని అర్థం. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. ఇంతే చెప్పారు, కానీ ఒక్కొక్కరి ఫోన్‌లో ఆ నంబర్ సేవ్ చేసి, ఏ పేరుతో ఉందో వాళ్లతోనే వెతికించి చూపించారు. చదువు రాని తల్లులకు పేరు బదులు ఫొటో పెట్టారు. ఆ ఆలోచన నాది కాదు.

తెలుగు టైపింగ్ ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు పద్ధతిలో నేర్పుతున్నాను. వచ్చినవాళ్లు బడి నోటీసులు కొడుతున్నారు. దాని పక్కనే ఒక చిన్న పాఠం. వరంగల్ అనే మాటలో ఎన్ని అక్షరాలు ఉన్నాయని పైథాన్‌ని అడిగితే 6 అంటుంది. పిల్లలు నాలుగు అంటారు. కంప్యూటర్లో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో సున్నాకు, పొల్లుకు కూడా విడి సంఖ్యలు ఉన్నాయి. క సంఖ్య 3093. తెలుగుకు 128 చోట్లు కేటాయించారు. అట్టల ఆట ఆడిన పిల్లలు 3093ను ఒకట్లు, సున్నాల్లోకి మార్చి గోడకు అంటించారు.

ఈ మధ్య కొత్త సమస్య. హోంవర్క్ ప్రోగ్రామ్‌ను ఫోన్‌లో ఏఐని అడిగి రాసుకొస్తున్నారు. నేను వద్దనలేదు. వద్దంటే దాచిపెట్టి చేస్తారు. కానీ నా క్లాసులో మొదటి నుంచీ ఒక పద్ధతి ఉంది. రన్ చేసే ముందు జవాబు ఎంత వస్తుందో నోట్‌బుక్‌లో రాయాలి, తర్వాతే బటన్ నొక్కాలి. ఏఐ రాసిచ్చిన దానికీ అదే పద్ధతి. నేను ఒక అంకె మారుస్తాను, ఒక షరతు కిందికి జరుపుతాను, ఇప్పుడు ఏం వస్తుందో రాయమంటాను. చదివి తెచ్చినవాళ్లు రాస్తారు. కాపీ కొట్టినవాళ్లు మళ్లీ ఇంటికి తీసుకుపోయి చదువుకుని వస్తారు. రెండోసారి వచ్చినప్పుడు చెప్పగలిగితే నాకు చాలు.

అన్నీ బాగున్నాయని చెప్పను. జనవరి వచ్చిందంటే పదో తరగతి పిల్లలు స్పెషల్ క్లాసుల్లో మునిగిపోతారు, కంప్యూటర్ పీరియడ్ మొదట పోతుంది. కరెంటు పోతే యూపీఎస్ నిలవదు. నేను బదిలీ అయితే ఈ గది ఏమవుతుందన్న టెన్షన్ నాకు ఉంది. అందుకే తొమ్మిదో తరగతి పిల్లలతో ఆరో తరగతి వాళ్లకు చెప్పిస్తున్నాను. సెల్ మార్చడం, ఆపరేటింగ్ సిస్టమ్ మళ్లీ వేయడం కూడా వాళ్ల నోట్‌బుక్‌లలో తెలుగులో రాసి ఉంది. ఒక పోస్టు ఇస్తే ఇవన్నీ ఒక మనిషి పూర్తి సమయం చేసే పని. ప్రతి హైస్కూల్‌కూ ఒక కంప్యూటర్ టీచర్ కావాలని నేను ప్రతి సమావేశంలో అడుగుతూనే ఉంటాను.

పోయిన నెల ఎనిమిదో తరగతి పిల్లవాడు ఒకడు నన్ను ఆపి, "మేడం, ఆ తేమ మీటర్ లోపల ఏముంటది? అది కరెక్టేనని మనకెట్ల తెలుస్తది?" అని అడిగాడు. భౌతికశాస్త్రం సార్ దగ్గరికి తీసుకెళ్లాను. పత్తిలో తేమ పెరిగితే దానిలోంచి కరెంటు సులువుగా పోతుంది, కరెంటుకు పత్తి ఇచ్చే అడ్డును, అంటే నిరోధాన్ని, కొలిచి శాతంగా చూపిస్తారని ఆయన చెప్పారు. ఇప్పుడు ఇద్దరూ కలిసి ఆర్డునో అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డుతో ఒకటి చేస్తున్నారు. రెండు మేకుల మధ్య పత్తి ఒకే తీరుగా నొక్కి ఉంచడం ఎలాగన్నది ఇంకా తేలలేదు. నొక్కుడు మారితే రీడింగ్ మారిపోతోంది. దాన్ని సరిచూడటానికి పత్తిని తూచి, బాగా ఎండబెట్టి, మళ్లీ తూచి నీళ్ల బరువు కనుక్కోవాలి. ఆ పని, దాని పట్టిక తొమ్మిదో తరగతి అమ్మాయిలు తీసుకున్నారు. సైన్స్ ల్యాబ్ త్రాసు సరిపోదని, గ్రాములో పదో వంతు చూపే త్రాసు కావాలని నిన్న హెచ్‌ఎం సార్‌కి వాళ్లే దరఖాస్తు కొట్టి ఇచ్చారు.